ఖాళీ కంచం

జూన్ 3

ఈ రోజు ఒకాయన ఆఫీసు గదికి వచ్చి, సరస్సులో కప్పలు అరుస్తున్నాయి, ఏమైనా చేయగలరా అని అడిగాడు.

"నన్నేం చేయమంటారు?" అన్నాను.

"మీరే కదండీ ఇన్‌ఛార్జి?" అన్నాడు.

ఇన్‌ఛార్జినే. సెలవులకి వచ్చినవాళ్ళు డేరాలు వేసుకునే చోట్లకి, నీళ్ళ పంపులకి, మరుగుదొడ్లకి, కట్టెల కొట్టుకి ఇన్‌ఛార్జిని. కప్పలు నా కింద పనిచేయవు. ఆ మాటే చెప్పాను. మొహం ముడుచుకుని వెళ్ళి ఫిర్యాదుల పెట్టెలో కాగితం వేశాడు. కప్పల మీద కాదు, నా మీద.

మామగారు వచ్చి వారం కావస్తోంది. ఒక్క పూట కూడా సరిగ్గా తినలేదు. అత్తగారు పోయాక మా ఆడపడుచు తన ఇంట్లో ఉంచుకుంది. ఆవిడ నర్సు. మనిషికి ఎంత తిండి కావాలో కొలిచి పెడుతుంది, అది లోపలికి వెళ్ళేదాకా ఎదురుగా కూర్చుంటుంది. "ఇక్కడ కిటికీ కూడా తెరవనివ్వర్రా" అని మామగారు ఫోనులో అన్నారట. అంతే, మా ఆయన బండేసుకుని వెళ్ళి తీసుకొచ్చేశారు. తెచ్చి నాకు అప్పజెప్పి, చేతులు దులుపుకుని, కొండదారిలో పడిపోయిన చెట్లు కోయడానికి పైకి వెళ్ళిపోయారు. మళ్ళీ శుక్రవారం దాకా దిగరు.

జూన్ 5

మూడు ముద్దలు. లెక్కపెట్టక్కర్లేదు, కంచం చూస్తే తెలుస్తుంది. 

"వంట బాగాలేదా మామయ్యగారూ?"

"అయ్యో, చాలా బాగుందమ్మాయ్."

"మరి తినరేం?"

గ్లాసు అందుకుని నీళ్ళు తాగారు. నాకు ఒళ్ళు మండింది. పొద్దున్న నుంచి మూసుకుపోయిన మరుగుదొడ్డితో కుస్తీ పట్టి, తడికట్టెలు అమ్మారని ఒకామె చేత తిట్లు తిని, ఇంటికొచ్చి వండితే ఇదీ మర్యాద. అనాల్సినవన్నీ అనేశాను. మీరిలా చిక్కిపోతే మీ అమ్మాయి నన్ను బతకనిస్తుందా అన్నాను. కోడలు కూడు పెట్టలేదంటారు అన్నాను. ఆయన కంచంలోకి చూస్తూ కూర్చున్నారు. జీవితమంతా దర్జీ పని చేసిన మనిషి. ఎవరెంత అరిచినా తల వంచుకుని కుట్టు చూసుకోవడం అలవాటు.

కొంచెం ఎక్కువే అన్నానేమో. అయినా నేను అనకపోతే ఎవరంటారు?

జూన్ 7

తిన్నారు! మొత్తం తిన్నారు!

వెనక వసారాలో సరస్సు చూసుకుంటూ తింటానని కంచం పట్టుకెళ్ళారు. కాసేపటికి ఖాళీ కంచంతో వచ్చారు. ఖాళీ కూడా కాదు, కడిగి తెచ్చారు. "చాలా బాగుందమ్మాయ్" అన్నారు.

గట్టిగా చెప్పేవాళ్ళు లేకే ఇన్నాళ్ళూ ఇలా అయ్యారు. వెంటనే ఆడపడుచుకి ఫోను చేశాను. "వదినా, మీ నాన్నగారు కంచం ఖాళీ చేశారు" అన్నాను. నా మాట మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత "ఏం పెట్టావేంటి?" అంది. ఆ గొంతు వినడానికైనా ఈ ఉద్యోగం, ఈ అడవి, ఈ కప్పలు, అన్నీ భరించవచ్చు.

జూన్ 10

నీటి అంచున ఉన్న డేరాలోకి కొత్త కుటుంబం దిగింది. మొగుడూ పెళ్ళాం, ఆవిడ చెల్లెలు, ఒక కుక్క, ఒక రేడియో. కుక్క నయం.

వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పే పాఠమే వాళ్ళకీ చెప్పాను. తిండి పదార్థం ఏదైనా ఇనప పెట్టెలో పెట్టి గొళ్ళెం వేయాలి, డేరాలో బిస్కట్టు ముక్క కూడా ఉండకూడదు, ఎలుగుబంటి వాసన పట్టిందంటే వదలదు అని. రేడియో ఇల్లాలు నడుం మీద చెయ్యి వేసుకుని విని, "మాకు తెలుసండీ. ఏడాదంతా డబ్బు కూడబెట్టుకుని ఈ రెండు వారాలకి వస్తాం. ఎలుగుని పిలుచుకోవడానికా?" అంది. ఎదురు మాట్లాడే మనుషుల్ని చూస్తే నాకు అప్పుడే అనుమానం వస్తుంది.

మామగారికి మొక్కజొన్న గింజలు, క్యారెట్ వేసి కూర చేశాను. క్యారెట్‌ని ఏటవాలుగా తరిగితే చూడ్డానికి బాగుంటుంది. కంచం మళ్ళీ ఖాళీ. రేపటి నుంచి ఇంకో గరిటె ఎక్కువ వేయాలి.

జూన్ 12

రేడియో.

జూన్ 13

రేడియో. వెళ్ళి చెబితే తగ్గించారు. నేను గుమ్మం ఎక్కేలోపు పెంచారు.

జూన్ 15

అన్నంత పనీ అయింది. తెల్లవారుజామున ఎలుగు దిగింది. నీటి అంచున ఉన్న డేరాల మధ్య నుంచి నడిచి వెళ్ళిందట. ఎవరినీ ఏమీ అనలేదు. ఒకామె చెప్పులు మాత్రం వాసన చూసి వదిలేసింది. ఆ చెప్పులకి నష్టపరిహారం ఇస్తారా అని ఆమె నన్ను అడిగింది. చెప్పులు బాగానే ఉన్నాయి కదా అంటే, "మనసులో ఏదోలా ఉందండీ, ఇంక వేసుకోలేను" అంది.

జిల్లా నుంచి ఎలుగుల ఆఫీసరు వచ్చింది. ఆవిడ అసలు హోదా ఏదో పొడుగ్గా ఉంటుంది, అందరం ఎలుగుల ఆఫీసరనే అంటాం. అది వేసిన పెంటని పుల్లతో కెలికి చూసి, "మొక్కజొన్న గింజలు. క్యారెట్ కూడా. ఎవరో వండిన తిండి తింటోంది" అంది.

నేను నీటి అంచు వైపు చూశాను. మొన్న ఆ రేడియో వాళ్ళు మొక్కజొన్న పొత్తులు కాల్చుకోవడం నా కళ్ళతో చూశాను.

"పిల్లది. తల్లి ఈ ఏడే వదిలేసి ఉంటుంది. సొంతంగా బతకడం ఇంకా చేతకాదు" అంది ఆవిడ.

జూన్ 16

మామగారు వసారాలో కూర్చుని కుడుతున్నారు. చూస్తే తన ప్యాంటే. నడుం దగ్గర విప్పి లోపలికి కుట్టుకుంటున్నారు. పాపం, చెయ్యి ఊరుకోదు. నిన్న ఎవరిదో చిరిగిన డేరా కుట్టిపెట్టారు, ఇవాళ ఇంకేం దొరకనట్టుంది.

కొండగాలికి ఒళ్ళు గట్టిపడుతుందంటారు. మొహం కొంచెం పీక్కుపోయినట్టు కనిపించేది అందుకే. తిండి మాత్రం బ్రహ్మాండంగా తింటున్నారు.

జూన్ 18

మళ్ళీ వచ్చింది. ఈసారి పట్టపగలు, పొద్దున్న జనం పళ్ళు తోముకుంటుంటే. ఒకాయన బ్రష్షు నోట్లో పెట్టుకునే ఫొటో తీశాడు.

ఆఫీసరు మళ్ళీ వచ్చి, నన్ను పక్కకి పిలిచి చెప్పింది. "చూడండి, తిండి పెడుతున్నవాళ్ళు ఎవరో తెలిసి, అది ఆగిపోతే ఈ పిల్లకి ఇంకా దారుంది. కొండ అవతల వదిలేస్తాను. అలా కాకుండా, మనుషుల సామాన్లలో తనే వెతుక్కోవడం మరిగిందంటే మాత్రం చంపక తప్పదు. రేపు ఏ డేరానో చీల్చుతుంది."

"నాకు తెలుసు ఎవరో" అన్నాను.

"చూశారా?"

"చూడాలా ఏంటి?"

జూన్ 19

పంపించేశాను. రూలు ప్రకారం ఇన్‌ఛార్జికి ఆ అధికారం ఉంది. సంతకం పెట్టి, కాగితం చేతికిచ్చాను.

రేడియో ఇల్లాలు ఇనప పెట్టె తలుపు బార్లా తెరిచి చూపించింది. "చూడండి, ప్రతిదీ ఇందులోనే ఉంది. గొళ్ళెం వేయకుండా ఒక్క పూట నిద్రపోయామేమో నా చెల్లెల్ని అడగండి" అంది. లోపల అన్నీ డబ్బాల్లో సర్ది ఉన్నాయి, మా వంటింటి కంటే శుభ్రంగా. ఇలాంటివాళ్ళకి తనిఖీ వస్తుందని ముందే తెలుస్తుంది, సర్దేసుకుంటారు.

"మొక్కజొన్న తిన్నారా లేదా?" అన్నాను.

"తిన్నాం. కండెలు మంటలో కాల్చేశాం. మొక్కజొన్న తినడం నేరమా?"

మొగుడు ఏమీ మాట్లాడకుండా డేరా మేకులు పీకుతున్నాడు. ఆవిడ చివరిదాకా అరుస్తూనే ఉంది. బండి ఎక్కాక మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను చూడలేదనుకుంది.

మామగారు వసారాలోంచి చూస్తున్నారు. "పాపం, ఏం చేశారమ్మాయ్ వాళ్ళు?" అని అడిగారు. చెప్పాను. వండిన తిండి బయట పారేసి ఎలుగుకి అలవాటు చేశారని చెప్పాను. ఆయన బండి పోయిన దారి వైపు చూశారు. చాలాసేపు అలాగే నిలబడ్డారు. మెత్తటి మనసు.

జూన్ 20

హాయి. సరస్సు వైపు నుంచి ఒక్క చప్పుడు లేదు, కప్పలు తప్ప.

ఈ సంతోషంలో కోడికూర చేసి మామగారికి నిండుగా పెట్టాను. "ఈ పూట వద్దులే అమ్మాయ్" అన్నారు. మళ్ళీ మొదటికొచ్చారా అని నేను ఒక చూపు చూసేసరికి కంచం తీసుకుని వసారాలోకి వెళ్ళారు. ఈసారి కొంచెం ఆలస్యంగా వచ్చారు. ఖాళీ కంచమే.

జూన్ 22

వచ్చింది. 

వాళ్ళు పోయాక కూడా వచ్చింది. డేరాల వాళ్ళ వంట బల్ల దగ్గర ఒక సంచీ లాగింది, దాంట్లో ఉన్నవి తువ్వాళ్ళు.

"అయితే దీనికిక ఎవరూ పెట్టక్కర్లేదు. తనే వెతుక్కుంటోంది" అంది ఆఫీసరు. గొంతు నీరసంగా ఉంది. ఇనప పీపాతో చేసిన బోను తెప్పించి దారి పక్కన పెట్టించింది. పట్టుబడ్డాక పశువుల డాక్టరుని తీసుకొచ్చి సూది వేయిస్తారు. నిద్రపోయే సూది కాదు.

ఇదంతా ఆ రేడియో వాళ్ళ పాపం. అలవాటు చేసింది వాళ్ళే కదా, వెళ్ళిపోతే మాత్రం? 

వాళ్ళే. ఇంకెవరు?

జూన్ 24

తెల్లవారేసరికి బోనులో ఉంది. పీపాకి ఉన్న చిన్న చిన్న కన్నాల్లోంచి ముక్కు మాత్రం కనిపిస్తోంది. జనం చుట్టూ మూగితే తరిమేశాను. డాక్టరు రేపు పొద్దున్న వస్తాడట.

అదే రోజు, సాయంత్రం

ముందు వరసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మబుద్ధి కాదు.

మధ్యాహ్నం కట్టెలు అయిపోయాయని ఎవరో గోల పెడితే, ఇంటి వెనక కొట్టు నుంచి తేవడానికి వెళ్ళాను. ఎప్పుడూ ముందు వైపు నుంచే తీసుకుంటాను. ఇవాళ ముందు వైపు అయిపోయింది కాబట్టి వెనక్కి తిరిగాను. అక్కడ రెండు బండల మధ్య గుంట ఉంది. మామగారు దాని ముందు వంగి నిలబడి, కంచంలోంచి కూర చేత్తో తీసి గుంటలోకి నెడుతున్నారు. గుంట చుట్టూ గడ్డి మొత్తం అణిగిపోయి ఉంది. అక్కడి నుంచి కిందికి, నీటి అంచు దాకా, కాలిబాట పడింది. మనుషుల కాలిబాట కాదు.

బండకి ఒక క్యారెట్ ముక్క అతుక్కుని ఉంది. ఏటవాలుగా తరిగినది.

"మామయ్యగారూ" అన్నాను.

ఆయన కంచం వెనక్కి దాచుకున్నారు. ఈ వయసులో.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు కోప్పడ్డావు చూడు, ఆ తర్వాత నుంచి."

"ఒక్క పూట కూడా తినలేదా?"

"మొదటి ముద్ద తింటానమ్మాయ్. రెండోది తోస్తేగానీ దిగదు. మీ అత్తయ్య పోయినప్పటి నుంచీ అంతే, నోట్లో రంపప్పొట్టు పెట్టుకున్నట్టు ఉంటుంది. కంచం ఖాళీగా తెస్తే నీ మొహం వెలిగిపోయేది. అది చూసి, ఇంక వద్దని చెప్పలేకపోయాను."

"వెలిగిపోతే? దానికోసం ఎలుగుకి పెడతారా?"

"ఎలుగని నాకేం తెలుసు? మర్నాడు వచ్చి చూస్తే శుభ్రంగా ఉండేది. ఇక్కడి పిట్టలు బాగా తింటాయనుకున్నాను. మొన్న నువ్వు వాళ్ళని పంపేసినప్పుడు అనుమానం వచ్చింది. చెబుదామనుకున్నాను. మర్నాడే నువ్వు సంతోషంగా కోడికూర చేశావు."

అరికాలి మంట నెత్తికెక్కింది. అరవాలని నోరు తెరిచాను. ఆయన చొక్కా లోపల ఎముకలు కనిపించాయి. ఆ ప్యాంటు నడుం దగ్గర రెండు వరసల కుట్టు కనిపించింది. ఇన్ని రోజులూ ఎదురుగా కూర్చోబెట్టుకుని నేను చూసిందేమిటి? కంచం. మనిషిని చూడనే లేదు. 

నాకు సిగ్గేసింది. రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఈయన కొండ దిగి వచ్చాక చెప్పాను. విని మంచం మీద కూలబడ్డారు.

"రేపు ఆఫీసరుకి చెబుతాను" అన్నాను.

"చెప్పి? ఉద్యోగుల ఇంట్లోంచి జంతువుకి తిండి వెళ్ళిందంటే క్వార్టరు ఖాళీ చేయిస్తారు, నీ ఉద్యోగం పీకేస్తారు. ఒక ఎలుగు కోసమా?"

"ఊళ్ళో ఇల్లు చూసుకుందాం."

"నా ఒక్కడి జీతంతో ఒకటిన్నర గది వస్తుంది. నాన్నని ఎక్కడ పెడతావు? మళ్ళీ అక్కయ్య దగ్గరికి పంపాలి. ఆ కిటికీ తెరవని ఇంటికి. సరేనా?"

సరే కాదు. ఏదీ సరే కాదు. చెప్పకపోతే ఈ పిల్ల ఎలుగు చస్తుంది, చెబితే ఈ ముసలాయన దారిన పడతారు. రెంటికీ కారణం నా గరిటె.

జూన్ 25

చెప్పేశాను.

డాక్టరు పెట్టె తెరుస్తున్నాడు. "ఆగండి, తిండి మా ఇంట్లోంచే వెళ్ళింది. నేనే పారేశాను" అన్నాను. ఈయన అటు తిరిగి కొండవైపు చూస్తూ నిలబడ్డారు.

వెనక నుంచి మామగారు వచ్చారు. "కోడలు అబద్ధం చెబుతోందండీ. పారేసింది నేను. దానికి తెలియదు."

"మీరు లోపలికి వెళ్ళండి మామయ్యగారూ."

"నువ్వూరుకో అమ్మాయ్. ఎన్నాళ్ళు నోరు మూసుకోవాలి?"

"ముందు మీ ఇద్దరూ తేల్చుకోండి!" అని ఎలుగుల ఆఫీసరు విసుక్కుంది. "ఎవరైతే నాకేం? నాకు కావాల్సింది ఒక్కటే. రోజూ అదే చోటా?"

"అదే చోట" అన్నాం ఇద్దరం.

కట్టెల కొట్టు వెనక్కి తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ గొంతుక్కూర్చుని గడ్డి తడిమింది, కిందికి దిగే కాలిబాట పొడుగునా నడిచి చూసి వచ్చింది. "అయితే ఇది డేరాల కోసం రాలేదు. మీ వంట కోసం వచ్చింది. డేరాలు దారిలో తగిలాయి, అంతే" అంది.

డాక్టరు తీసిన సూది పెట్టెలో పెట్టేసి ఇంకోటి తీశాడు. అది నిద్రపోయే సూది. మధ్యాహ్నానికి పీపాని లారీ ఎక్కించుకుని కొండ అవతలికి వెళ్ళిపోయారు. 

వెళ్ళేముందు ఆవిడ నాతో, "నేను రాయక తప్పదండీ" అంది. రాయండి అన్నాను. నా వంట నచ్చి మళ్ళీ మళ్ళీ వచ్చింది ఇన్నేళ్ళలో అదొక్కటే, దాని ప్రాణం కోసం ఆ మాత్రం రాయనివ్వకపోతే ఎలా?

ఈయన నాతో మాట్లాడటం లేదు.

జూన్ 28

ఉత్తర్వు వచ్చింది. నెలాఖరుకి ఖాళీ చేయాలి. నా స్థానంలో ఎవరో కొత్తవాడు వస్తాడట. కప్పల సంగతి వాడికి చెప్పి వెళతాను.

జూలై 1

రేడియో ఇల్లాలికి ఫోను చేశాను. తప్పు నాదే, మీది కాదు అన్నాను. అవతల నుంచి ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అన్నీ నిజమే. అంతా అయ్యాక, "ఇంతకీ ఆ ఎలుగు బతికిందా?" అంది. బతికిందన్నాను. ఠక్కున ఫోను పెట్టేసింది.

జూలై 4

పడవలు బాగుచేసే షెడ్డు మీద ఒకటిన్నర గది. సగం గది మామగారికి. పంపడం లేదు. ఆడపడుచు వచ్చి "నేను తీసుకెళతాను" అంటే, ఆయనే "నేనిక్కడే ఉంటానమ్మా" అన్నారు. మా ముగ్గురికీ కలిపి ఉన్నది ఒక్క కిటికీ. అది ఎంత తోసినా మూసుకోదు, రంగు వాసన, రంపం చప్పుడు, అన్నీ లోపలికే. చెవులు చిల్లులు పడుతున్నాయి. ఈయన ఇంకా పొడి పొడిగానే మాట్లాడుతున్నారు. "గరిటె ఎక్కడ", "తువ్వాలు ఏది", అంతే.

జూలై 9

ఇవాళ ముగ్గురం ఒకే బల్ల దగ్గర తిన్నాం. వసారా లేదు కాబట్టి ఇంకెక్కడికీ పోయే వీల్లేదు. నేను మామగారి కంచంలో కొంచెమే పెట్టాను. తినండి అనలేదు. అనకుండా ఉండటానికి నాలుక కరుచుకుని కూర్చున్నాను.

ఆయన ఒక ముద్ద తిన్నారు. రెండోది తిన్నారు. మూడోది కలుపుతూ ఆగి, నా వైపు చూసి, "అమ్మాయ్, ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోవుగా?" అన్నారు.

"చెప్పండి."

"నీ చేతి కూరలో ఉప్పు ఎక్కువ. మొదటి రోజు నుంచీ ఎక్కువే."

ఇల్లు పోయింది, ఉద్యోగం పోయింది, ఒక ఎలుగు చావు నోట్లో తల పెట్టి వచ్చింది. ఆ మాటేదో వచ్చిన రోజే అని ఉంటే ఏమయ్యేది? నేను ఈయన వైపు తిరిగాను, మీరైనా చెప్పండి అన్నట్టు. ఈయన కంచంలోకి చూస్తూ, "ఎక్కువేలే" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి! పైగా నవ్వు ఆపుకుంటున్నారు.

"రేపటి నుంచి ఉప్పు బల్ల మీద పెడతాను, ఎవరిది వాళ్ళు వేసుకోండి" అని లేచి, మనిషి తిరగడానికి చోటు లేని ఆ వంటమూలకి వెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను అనుకుంటాను. ఏడుస్తూనే చెవి ఇటు వేశాను. మామగారు కంచంలో మిగిలినదాంట్లో సగం తిన్నారు. మిగతా సగం అలాగే వదిలేసి, "చాలమ్మాయ్, ఇంక వద్దు" అన్నారు. 

సరేనండీ అన్నాను.